లదాఖ్ కోసం బండి కొనకండి

“అన్నా, వచ్చే ఏడాది లదాఖ్ వెళ్దామనుకుంటున్నా. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ తీసుకోనా, కేటీఎం తీసుకోనా? హీరో ఎక్స్‌పల్స్‌తో పనైపోతుందా?”

అడ్వెంచర్ బండి, అంటే తారు మీదా మట్టి దారుల్లోనూ నడిచే మోటార్‌సైకిల్, గురించి నన్ను అడిగేవాళ్ళలో చాలామంది ఇలాగే మొదలుపెడతారు. బండి కొనాలన్న కోరిక పుట్టిందే లదాఖ్‌లోని లేహ్ ఫొటోలు చూశాక కాబట్టి, ఏ బండి కొనాలో కూడా లేహే తేల్చాలని వాళ్ళ ఉద్దేశం. నేను మాత్రం ముందు లదాఖ్‌ని పక్కన పెట్టమంటాను. వెళ్ళొద్దనడం లేదు, తప్పకుండా వెళ్ళండి, జీవితంలో ఒక్కసారైనా చూడాల్సిన నేల అది. కానీ ఆ ఒక్క ప్రయాణాన్ని మనసులో పెట్టుకుని, ఆ తర్వాత పదేళ్ళు ఇంటి ముందు ఉండబోయే బండిని ఎంచుకోకండి.

ఎందుకంటే లదాఖ్ దారి ఇప్పుడు మనం ఊహించుకునేంత ఆఫ్‌రోడ్ కాదు. మనాలి నుంచి వెళ్ళినా, శ్రీనగర్ నుంచి వెళ్ళినా చాలా భాగం తారు రోడ్డే. 2020 అక్టోబరులో అటల్ టన్నెల్ తెరిచాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కి దిగే అవస్థ కూడా తప్పింది, తొమ్మిది కిలోమీటర్ల సొరంగంలోంచి నేరుగా లాహౌల్ లోయలో తేలొచ్చు. కొండచరియలు పడి రోడ్డు తెగినచోట, మంచు కరిగిన నీళ్ళు రోడ్డు మీదుగా పారేచోట, వెడల్పు చేసే పనులు జరుగుతున్నచోట కష్టం ఉంటుంది, నిజమే. అయినా అక్కడ మనిషినీ బండినీ ఎక్కువగా పరీక్షించేది ఎత్తు. లేహ్ దగ్గరి ఖర్దుంగ్ లా కనుమ 5,359 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదానికి దాదాపు సగం. గాలి తగ్గితే ఇంజను శక్తి తగ్గుతుంది, దానికి 200 సీసీ, 450 సీసీ అన్న తేడా లేదు, అందరికీ అదే నిష్పత్తిలో కోత పడుతుంది. ఆ కోత పడ్డాక కూడా స్ప్లెండర్ల మీద, యాక్టివాల మీద ఆ కనుమ ఎక్కి వచ్చినవాళ్ళు ఉన్నారు. ఒంటికి ఎత్తు అలవాటు కావడానికి లేహ్‌లో రెండు రోజులు ఆగడం, నీళ్ళు బాగా తాగడం, సాయంత్రానికి ముందే బస చేరుకోవడం, ఇవి అక్కడ బండి సీసీ కంటే ఎక్కువ ముఖ్యం.

ఇంకో సంగతి. హైదరాబాద్ నుంచి లేహ్‌కి రెండున్నర వేల కిలోమీటర్ల పైనే. అందులో సగానికి పైగా నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా మీదుగా ఎండలో, లారీల మధ్య సాగే హైవే. సెలవులు తక్కువ ఉన్నవాళ్ళు విమానంలో దిగి లేహ్‌లోనే బండి అద్దెకు తీసుకోవచ్చు, హిమాలయన్లు అక్కడ ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. (మనాలిలోనో ఢిల్లీలోనో అద్దెకు తీసుకున్న బండిని లేహ్ చుట్టుపక్కల తిప్పనివ్వరు, అక్కడి బండే తీసుకోవాలి, ఇది తెలియక గొడవల్లో పడేవాళ్ళున్నారు.) సొంత బండే కావాలంటే పెట్రోలు తీసేసి, ప్యాక్ చేయించి రైల్లో పార్సిల్ పంపించుకోవచ్చు. ఇన్ని దారులు ఉన్నప్పుడు, రెండు మూడు వారాల యాత్ర కోసం లక్షలు ఎక్కువ పోసి, మిగతా రోజులన్నీ మీకు బరువైపోయే బండిని కొనడం నాకు సబబుగా అనిపించదు.

మరి మిగతా రోజులన్నీ ఆ బండి ఎక్కడ తిరుగుతుంది? అసలు ప్రశ్న అది. హైదరాబాద్ వాళ్ళదైతే వికారాబాద్ అనంతగిరి, కోట్‌పల్లి, నల్లమల దాటి శ్రీశైలం, కాస్త ఓపికుంటే గండికోట. కోస్తా వాళ్ళదైతే మారేడుమిల్లి, లంబసింగి, పాడేరు, అరకు. మన దగ్గర కఠినమైన దారులు లేవనుకునేవాళ్ళు ఒక్కసారి జూలైలో మారేడుమిల్లి వైపు వచ్చి చూడాలి. మెయిన్ రోడ్డు సంగతి కాదు నేను చెప్పేది, అక్కడ రోడ్లు బాగానే ఉన్నాయి. పుల్లంగి మీదుగా గుడిస కొండ పైకి వెళ్ళే దారిలో తారు అయిపోయాక మొదలయ్యే మట్టిబాట సంగతి. నిట్టనిలువు ఎక్కుడు, వాననీళ్ళు కోసేసిన కాలవలు, పెద్ద రాళ్ళు లేచిపోయి వాటి కింది మెత్తటి ఎర్రమట్టి బయటపడ్డ గుంతలు. మామూలు కార్లు ఆ పైకి రాలేవు, అక్కడి కుర్రాళ్ళు జీపుల్లో ఎక్కిస్తారు. పాడేరు దగ్గర వంజంగి మబ్బులు చూడ్డానికి తెల్లవారుజామున చీకట్లో ఎక్కేవాళ్ళకి కూడా ఆ మట్టి సంగతి తెలుసు.

ఏజెన్సీ ఎర్రమట్టి ఎండాకాలంలో గట్టిగా ఉండి పైన సన్నటి గులక తేలుతుంది, దిగుడులో ముందు బ్రేకు కొంచెం గట్టిగా పడితే ముందు చక్రం జారిపోతుంది. ఒక్క జల్లు పడితే చాలు, మొత్తం మారిపోతుంది, నిలబడ్డ చోటే కాళ్ళు నిలవవు. నంద్యాల, జమ్మలమడుగు వైపు నల్లరేగడిది ఇంకో గుణం. అది తడిస్తే అంటుకుంటుంది. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య దూరి, పొర మీద పొర పేరుకుని, చివరికి చక్రాన్నే తిరగనివ్వదు. మడ్‌గార్డు చక్రానికి ఆనుకుని ఉన్న బండి అయితే దిగి పుల్లతో గీకుతూ కూర్చోవాల్సిందే. ఎక్స్‌పల్స్‌కి ముందు మడ్‌గార్డు అంత ఎత్తున ఎందుకు పెట్టారో రేగడి చేలగట్ల మీద నడిపినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇక గోదావరి ఇసుక తిన్నెలు, గండికోట రాతి పలకలు, ఏజెన్సీలో వర్షాకాలం అడ్డొచ్చే వాగులు. ఇన్ని రకాల నేల మనకు ఒక్క రోజు ప్రయాణం దూరంలో ఉంది.

ఈ నేల బండిని ఏమడుగుతుంది? హార్స్‌పవర్ అడగదు. అంత పవర్ వాడే జాగా అక్కడ దొరకదు, చాలాసేపు మొదటి రెండు గేర్లలోనే ఉంటాం. కింది ఆర్‌పీఎంలో, అంటే నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కూడా ఆగిపోకుండా లాగే ఇంజను కావాలి, సస్పెన్షన్‌కి ఎక్కువ ట్రావెల్ (పైకీ కిందికీ ఆడే దూరం) కావాలి, ముందు చక్రం పెద్దదిగా ఉండాలి, ఇంజనుకి రాళ్ళు తగలకుండా కింద దళసరి బ్యాష్ ప్లేటు ఉండాలి. వీటన్నిటికంటే ముందు బండి తేలిగ్గా ఉండాలి.

బరువు గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే షోరూంలో ఎవరూ మాట్లాడనిది దీని గురించే. అక్కడ స్క్రీను చూపిస్తారు, మోడ్‌లు చూపిస్తారు, పవర్ ఎంతో చెబుతారు, స్టాండు మీద నిలబెట్టిన బండి ఎవరికీ బరువనిపించదు. పెట్రోలుతో సహా హిమాలయన్ 450 బరువు 196 కిలోలు. కొత్త కేటీఎం 390 అడ్వెంచర్, టీవీఎస్ ఆర్‌టీఎక్స్ 300 రెండూ 180 ప్రాంతంలో ఉంటాయి. ఎక్స్‌పల్స్ 210 సుమారు 170, సుజుకి వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్ 167, పాత ఎక్స్‌పల్స్ 200 దాదాపు 160. కాగితం మీద చూస్తే పెద్ద తేడా అనిపించదు. హిమాలయన్‌కీ ఎక్స్‌పల్స్ 210కీ మధ్య తేడా ఒక 25 కిలోల బియ్యం బస్తా అంత. ఆ బస్తా హైవే మీద ఉన్నట్టే తెలియదు, పైగా గాలికి బండి కదలకుండా నిలబెడుతుంది. తడి ఎర్రమట్టి ఎక్కుడులో, మధ్యలో బండి ఆగిపోయి, ఎడమ కాలు కింద పెడదామంటే అటువైపు గుంత ఉన్నప్పుడు, ఆ బస్తా మొత్తం మీ తొడ మీదికే వస్తుంది.

పడడం అనేది ఆఫ్‌రోడ్‌లో తప్పు కాదు, అందులో భాగం. నెమ్మదిగా వెళ్తూ పక్కకి ఒరిగిపోతాం, సరైన రైడింగ్ గేర్ (హెల్మెట్, గార్డులు, బూట్లు) వేసుకుంటే పెద్దగా దెబ్బ కూడా తగలదు. అసలు కష్టం లేపడంలో ఉంది. బండికి వీపు ఆనించి, ఒక చేత్తో కిందున్న హ్యాండిల్ కొన, ఇంకో చేత్తో సీటు కింద ఫ్రేమో వెనక రెయిలో పట్టుకుని, నడుము నిటారుగా పెట్టి, కాళ్ళ బలంతో చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ లేపాలి. గేరులో ఉంచాలి, లేకపోతే లేస్తూనే దొర్లిపోతుంది. కుడివైపు పడితే ముందే సైడ్ స్టాండ్ తెరిచి పెట్టుకోవాలి, లేకపోతే లేపిన ఊపుకి అవతలికి పడుతుంది. ఇదంతా సిమెంటు నేల మీద నేర్చుకున్నప్పుడు బాగానే ఉంటుంది. బురదలో కాళ్ళకి పట్టు దొరకదు. మొదటిసారి లేపుతాం, రెండోసారి ఆయాసపడుతూ లేపుతాం, మూడోసారికి చేతులు వణుకుతాయి, ఆ అలసటలో నిర్ణయాలు కూడా సరిగ్గా తీసుకోలేం, అందుకే నాలుగోసారి పడతాం. పెద్ద బండ్ల మీద మాతో వచ్చిన మంచి రైడర్లు, హైవే మీద మాకు అందకుండా వెళ్ళినవాళ్ళు, ఒక్క కిలోమీటరు బురదకే రోజంతటి ఓపికా ఖర్చు చేసుకుని, మధ్యాహ్నానికే వెనక్కి తిరిగిపోవడం నేను కళ్ళారా చూశాను. వాళ్ళకి నైపుణ్యం లేక కాదు, బండి బరువు వాళ్ళని తినేసింది.

కాబట్టి నా మొదటి లెక్క ఇది: లగేజీ కట్టిన బండిని, వాలు నేల మీద, పక్కన ఎవరూ లేకుండా, మీరు వరసగా రెండు మూడు సార్లు లేపగలరా? ఒంటరిగా తిరగను, ఎప్పుడూ గుంపుతోనే వెళ్తాను అంటే ఈ లెక్క కొంత సడలించుకోవచ్చు. ఒంటరిగా ఏజెన్సీ లోపలి దారుల్లోకి వెళ్ళేవాళ్ళు సడలించుకోకూడదు, చాలాచోట్ల సెల్ సిగ్నల్ ఉండదు.

సీటు ఎత్తు గురించి కూడా అందరూ టెన్షన్ పడతారు. నిజానికి ఈ బండ్లన్నీ ఆ విషయంలో దగ్గరదగ్గరే: హిమాలయన్ 450, ఎక్స్‌పల్స్ 200 రెండూ 825 మిల్లీమీటర్లు, 390 అడ్వెంచర్ 830, వీ-స్ట్రామ్ 835. అయిదున్నర అడుగుల మనిషికి రెండు పాదాలూ పూర్తిగా ఆనవు. తేలిక బండి అయితే ఒక్క పాదం మునివేళ్ళతో ఆపుకోవచ్చు, బరువు బండిని ఆ మునివేళ్ళు ఆపలేవు. అంటే పొట్టివాళ్ళు ఎత్తు తక్కువ ఉన్న బండి కోసం వెతకడం కంటే బరువు తక్కువ ఉన్న బండి కోసం వెతకడం మేలు. పాత హిమాలయన్ 411 సీటు 800 మిల్లీమీటర్లే, కింది ఆర్‌పీఎంలో లాగే గుణం కూడా దానికి బాగుండేది, అందుకే బరువున్నా దాన్ని ఇష్టపడినవాళ్ళు ఎక్కువ. సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ మంచి ధరకు దొరుకుతుంది.

పెద్ద ఇంజను ఉంటేనే అడ్వెంచర్ అన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. 1980లో బీఎండబ్ల్యూ ఆర్80 జీ/ఎస్ తెచ్చాక మెల్లగా ఈ జాతి బండ్లకి ఒక రూపం ఏర్పడిపోయింది: పెద్ద ట్యాంకు, ముక్కులాంటి ముందు భాగం, పక్కన అల్యూమినియం పెట్టెలు. ఇప్పటి ఆర్ 1300 జీఎస్ బరువు 237 కిలోలు. ఖండాలు దాటే తారు ప్రయాణానికి అంత హాయి ఇచ్చే బండి దొరకదు, దాన్ని బురదలో ఆడించే మహానుభావులు కూడా ఉన్నారు, వాళ్ళు ఏళ్ళ తరబడి సాధన చేశారు. కానీ అటు ఎడారుల్లో సాగే డకార్ ర్యాలీ పందెం చూడండి. 2011 నుంచి అక్కడ 450 సీసీ దాటిన బండికి ప్రవేశం లేదు. వేగాలు తగ్గించి ప్రమాదాలు తగ్గిద్దామని పెట్టిన నియమం అది. ఆ నియమం వచ్చాక ర్యాలీ తేలికేమీ అయిపోలేదు, వేల కిలోమీటర్ల ఇసుకా రాళ్ళూ అవే ఉన్నాయి, ఒక్క సిలిండర్ 450 బండ్ల మీద వాటిని దాటుతూనే ఉన్నారు. మనవాడు సి.ఎస్. సంతోష్ 2015లో డకార్ పూర్తి చేసిన మొదటి భారతీయుడయ్యాడు, అదీ 450 మీదే. నెదర్లాండ్స్ నుంచి వచ్చి ప్రపంచమంతా ఒంటరిగా తిరుగుతున్న యూట్యూబర్ నోరాలీ ఆఫ్రికా ప్రయాణానికి ఎంచుకున్నది 300 సీసీ హోండా.

ఇంతవరకూ విన్నవాళ్ళు “సరే, ఎక్స్‌పల్స్ కొనేస్తాం” అంటారు. ఆగండి. రెండో లెక్క ఉంది, చాలామందికి అసలు తీర్పు అక్కడే వస్తుంది.

మీ ఇంటి గుమ్మం నుంచి తారు అయిపోయేచోటికి ఎన్ని కిలోమీటర్లు?

రాజమండ్రిలో ఉండేవాడికి మారేడుమిల్లి రెండు గంటల దారి. నర్సీపట్నం వాడికి లంబసింగి ఘాట్ ఇంటి పెరడులో ఉన్నట్టే. పొద్దున టిఫిన్ చేసి బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరుకోవచ్చు. వాళ్ళకి 200, 210 సీసీ బండి చక్కగా సరిపోతుంది. అదే మారేడుమిల్లికి హైదరాబాద్ నుంచి, సూర్యాపేట, ఖమ్మం, భద్రాచలం, చింతూరు మీదుగా వస్తే సుమారు 400 కిలోమీటర్లు. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరి, ఆదివారం రాత్రికి తిరిగి చేరాలి. అంటే రెండు రోజుల్లో 800 కిలోమీటర్ల తారు, 40 కిలోమీటర్ల మట్టి. ఆ నలభై కోసం ఎనిమిది వందలూ వణుకుతూ వెళ్ళడం ఎవరికీ ఆనందం కాదు. 200 సీసీ సింగిల్ సిలిండర్ బండ్లన్నిటికీ 80, 90 దాటాక ఫుట్‌పెగ్గుల్లో, హ్యాండిల్లో వణుకు మొదలవుతుంది, లారీని దాటడానికి ముందు దూరం చూసుకుని ఊపు తెచ్చుకోవాలి. హిమాలయన్ 450లో 40 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), ఆరు గేర్లు, లిక్విడ్ కూలింగ్ ఉన్నాయి, కొత్త 390లో 46 పీఎస్ ఉంది. లారీ వెనక ఇరుక్కోకుండా బయటపడే బలం వీటికి ఉంది, సాయంత్రానికి ఒళ్ళు హూనం కాదు. ఒళ్ళు హూనమైనవాడు మట్టిలో ఇంకా ఎక్కువ పడతాడు, కాబట్టి ఇది కూడా ఒక రకంగా బరువు లెక్కే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు వరసల హైవే మీదైనా, ఎక్స్‌ప్రెస్‌వే మీదైనా మోటార్‌సైకిల్ గరిష్ఠ వేగం గంటకి 80 కిలోమీటర్లే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూ వీలర్లని అసలు ఎక్కనివ్వరు, సర్వీసు రోడ్డే గతి. “140లో క్రూజ్ అవుతుంది” అని ఎవరైనా ఒక బండిని పొగిడితే, ఆ వేగంతో మన దగ్గర ఏం చేస్తారో అడగండి. గేదెలు అడ్డొస్తాయి, రాంగ్ రూట్లో ట్రాక్టర్లొస్తాయి, డివైడర్ సందులోంచి పిల్లలు పరిగెత్తుకొస్తారు. హైవే కోసం పెద్ద బండి కావాలనడానికి కారణం వేగం కాకూడదు. 80లో ఇంజను శ్రమపడకుండా నడవాలి, అవసరానికి కాస్త బలం మిగిలి ఉండాలి, అంతవరకే.

వెనక ఎవరు కూర్చుంటారన్నది కూడా ముందే తేల్చుకోవాలి. చాలామంది మగాళ్ళు ఒంటరి యాత్ర ఊహించుకుని బండి కొంటారు, తీరా కొన్నాక భార్యతో కలిసి వెళ్ళేవే ఎక్కువ అవుతాయి, అది మంచిదే కూడా. మా ఇంటావిడ వెనక కూర్చుని, రెండు బ్యాగులు కట్టాక, అరకు ఘాట్‌లో చిన్న ఇంజను ఎంత కష్టపడుతుందో వెనక కూర్చున్నవాళ్ళకి కూడా తెలిసిపోతుంది. ఇద్దరు తిరిగేవాళ్ళైతే 300 సీసీ పైన చూడండి. షోరూంకి ఆవిడని కూడా తీసుకెళ్ళి వెనక కూర్చోబెట్టండి, ఎక్కడానికి కాలు అందుతుందా, పట్టుకోవడానికి ఏముంది, సీటు ఎంత వెడల్పుందో ఆవిడే చెప్పాలి. ఇద్దరి డబ్బుతో కొనే బండి అది.

చక్రాల విషయం. ముందు 21 అంగుళాల చక్రం రాళ్ళ మీద, గుంతల మీద ఇరుక్కోకుండా దొర్లిపోతుంది. హిమాలయన్‌కీ ఎక్స్‌పల్స్‌కీ అదే ఉంటుంది, 2025లో వచ్చిన 390 అడ్వెంచర్‌కి కూడా ఇచ్చారు. 19 అంగుళాలది తారు మలుపుల్లో చురుగ్గా తిరుగుతుంది. వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్, ఆర్‌టీఎక్స్ 300, ట్రయంఫ్ స్క్రాంబ్లర్ 400 ఎక్స్ ఈ రకం. మీ మట్టిరోడ్లు పొలాల మధ్య కంకర రోడ్లవరకే అయితే 19 హాయిగా సరిపోతుంది. అల్లాయ్ చక్రం అయితే టైరు ట్యూబ్‌లెస్, మేకు గుచ్చుకుంటే అక్కడే ప్లగ్ వేసుకుని వెళ్ళిపోవచ్చు, కానీ రాయికి గట్టిగా కొట్టుకుంటే అల్లాయ్ పగలొచ్చు. స్పోక్ చక్రం వంగుతుంది, మళ్ళీ సరిచేయొచ్చు, కానీ ట్యూబ్ ఉంటే చక్రం విప్పాలి. హిమాలయన్ 450కి ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు కూడా ఇస్తున్నారు, వీలైతే అవే తీసుకోండి. ట్యూబ్ టైరు ఉన్నవాళ్ళు భయపడక్కర్లేదు, స్పేర్ ట్యూబు, రెండు టైర్ లీవర్లు వెంట ఉంటే ఏ మండల కేంద్రంలోనైనా పంక్చర్ షాపు కుర్రాడు పదిహేను నిమిషాల్లో వేసిస్తాడు. చిన్న గాలిపంపు మాత్రం అందరి దగ్గరా ఉండాలి, మట్టిలోకి దిగేముందు గాలి తగ్గించి, తారు ఎక్కాక మళ్ళీ నింపుకోవాలి. చాలామంది ఈ పని చేయకుండా టైర్లని తిడతారు.

ఇక డబ్బు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు జీఎస్టీ 18 శాతానికి దిగింది, అది దాటితే 40 శాతానికి ఎక్కింది. అంటే హిమాలయన్, 390, స్క్రాంబ్లర్ ఒకవైపు, ఎక్స్‌పల్స్, వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్, ఆర్‌టీఎక్స్ మరోవైపు నిలబడ్డాయి. 210కీ 450కీ మధ్య తేడా ఇప్పుడు లక్ష పైమాటే. ఆ లక్షలో మంచి హెల్మెట్, మోకాళ్ళ గార్డులు, చీలమండ దాటే బూట్లు, జాకెట్, సాఫ్ట్ బ్యాగులు, ఒక ఆఫ్‌రోడ్ ట్రెయినింగ్ ఫీజు, అన్నీ వచ్చేస్తాయి, పైగా కొన్ని యాత్రల పెట్రోలు కూడా. నా కోరిక ఒక్కటే, బండికి పెట్టగా మిగిలితే రైడింగ్ గేర్ కొందాం అనుకోకండి. ముందు రైడింగ్ గేర్ డబ్బు పక్కన పెట్టి, మిగిలినదాంట్లో ఏ బండి వస్తుందో చూడండి. కాలు విరిగినవాళ్ళని ఏజెన్సీ లోపలి నుంచి రోడ్డు దాకా మోసుకురావడం ఎంత కష్టమో చూసినవాణ్ణి కాబట్టి గట్టిగా చెబుతున్నాను. అల్యూమినియం పెట్టెల జోలికి కూడా పోకండి, పడ్డప్పుడు కాలు పెట్టెకీ నేలకీ మధ్య ఇరుక్కుంటుంది. గుడ్డ బ్యాగులే మేలు.

ఇప్పుడు పేర్లు పెట్టి చెప్పమంటే చెబుతాను. ఏజెన్సీకి రెండు మూడు గంటల దూరంలో ఉండి, ఎక్కువగా ఒంటరిగా తిరిగేవాళ్ళు ఎక్స్‌పల్స్ 210 తీసుకోండి, డబ్బు తక్కువైతే పాత ఎక్స్‌పల్స్ 200లో నాలుగు వాల్వుల 4వీ. (నాది ఎక్స్‌పల్స్ 200, అది తెలిసే చదవండి.) హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉంటూ శని, ఆదివారాల్లో కొండలకి పరిగెత్తేవాళ్ళు, ఇద్దరు కలిసి తిరిగేవాళ్ళు హిమాలయన్ 450 తీసుకోండి, దాని బరువు లేపడం నేర్చుకోవాలన్న ఒక్క షరతుతో. తారే ఎక్కువ, మధ్యలో కంకర రోడ్లు తగిలితే చాలు అనుకునేవాళ్ళకి వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్ గానీ ఆర్‌టీఎక్స్ 300 గానీ బాగుంటాయి, వీటిని ఎవరూ తగినంత పట్టించుకోవడం లేదని నా బాధ. 390 అడ్వెంచర్ నడపడంలో చెయ్యి తిరిగినవాళ్ళ బండి, మొదటి బండిగా వద్దు. మా ఊరి చుట్టూ తారే ఉంది, మట్టిలోకి ఎప్పుడో ఏడాదికోసారి దిగుతాం అనుకునేవాళ్ళు అసలు అడ్వెంచర్ బండి కొనక్కర్లేదు, ఉన్న బండికే మంచి టైర్లు వేయించుకోండి.

మట్టిలోకి దిగేవాళ్ళని ఒకటి బతిమాలుకుంటాను. గుడిస పైన గడ్డి మైదానంలో బండ్లు గిరగిరా తిప్పి వీడియోలు తీసుకుంటున్నారు, ఒకసారి చక్రం కోసిన గడ్డి వాననీటికి కాలవ అవుతుంది, మళ్ళీ మొలవదు. నల్లమలలో మెయిన్ రోడ్డు వదిలి అడవిలోకి దిగకండి, అది పులుల రిజర్వు, మన్ననూరు దగ్గర రాత్రి తొమ్మిదికి గేటు వేసేది ఊరికే కాదు. వాగు దాటేటప్పుడు పైన ఊళ్ళో ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు పట్టుకుంటున్నారేమో చూసి, ఆగి, వాళ్ళయ్యాక వెళ్ళండి. సైలెన్సరు మార్చిన బండ్లు కొండ ఊళ్ళలోకి వస్తే పిల్లలు, పశువులు ఎలా బెదిరిపోతాయో నేను చూశాను, కంపెనీ సైలెన్సరుతోనే రండి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకి నాలుగు మాటలు, ఎందుకంటే ఇలాంటి బండ్లు తక్కువ కిలోమీటర్లతో చాలా అమ్మకానికి వస్తాయి, లదాఖ్ వెళ్ళొచ్చాక అమ్మేసేవాళ్ళ పుణ్యమా అని. కింద పడుకుని బ్యాష్ ప్లేటు చూడండి, గీతలుంటే ఫర్వాలేదు, లోపలికి నొక్కుకుపోయి ఇంజనుకి తగులుతుంటే వద్దు. ముందు ఫోర్క్‌ని గట్టిగా రెండు మూడుసార్లు నొక్కి, వేలితో తుడిచి ఆయిలు అంటుతుందేమో చూడండి. సెంటర్ స్టాండ్ లేకపోతే ఎవరి చేతనైనా ముందు చక్రం పైకెత్తించి హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పండి, మధ్యలో ఎక్కడైనా పట్టేస్తున్నట్టుంటే హెడ్ బేరింగ్ పోయినట్టే. చక్రం తిప్పి స్పోకులన్నిటినీ ఒక్కొక్కటిగా చిన్న స్పానర్‌తో తట్టి శబ్దం వినండి, వదులుగా ఉన్నది మొద్దుగా మోగుతుంది. చివరగా, అమ్మే మనిషి ఒప్పుకుంటే, మెత్తటి మట్టి ఉన్నచోట బండిని నెమ్మదిగా పక్కకి పడుకోబెట్టి, మీరొక్కరే లేపి చూడండి. ఒప్పుకోకపోతే స్నేహితుడి బండితో ఆ పని చేయండి, కొత్త బండి బుక్ చేసేవాళ్ళు కూడా అడ్వాన్సు కట్టే ముందే చేయండి.